గుట్ట మీది గుండాలకు పిల్లల్ని తీసుకుపోయే ముందు

బిడ్డా,

దసరా సెలవుల్లో పిల్లలిద్దరికీ గుట్ట మీది గుండాలు, అదే రాతిలో వాన నీళ్లు నిలిచే గుంటలు, చూపిస్తానని నువ్వు చెప్పినప్పటి నుంచి నా మనసంతా అక్కడే ఉంది. ఫోన్లో తొందర తొందరగా ఏదో చెప్పాను. అది సరిపోదనిపించి ఇప్పుడు తీరిగ్గా రాస్తున్నాను. బడిలో సైన్సు చెప్పినన్నాళ్లూ ఏటా పిల్లల్ని గుట్ట ఎక్కించిన దాన్ని కదా.

దసరా మంచి సమయమే. జూలై, ఆగస్టుల్లో రాయంతా తడిసి జారుతుంది. ఎండాకాలం పోతే నీళ్లుండవు. ఇప్పుడైతే నీళ్లు తేటపడి ఉంటాయి, దారి పొడవునా గునుగు, తంగేడు పూసి ఉంటాయి. బతుకమ్మకు పూలు ఎక్కడి నుంచి వస్తాయో పిల్లలు కళ్లారా చూస్తారు.

మొదటిసారి మడికొండ మెట్టుగుట్టకే పోండి. రామలింగేశ్వరుడి గుడి ఉంది, మనుషులు తిరుగుతుంటారు, అవసరమైతే పిలిస్తే పలికేవాళ్లుంటారు. రేగొండ దగ్గరి పాండవుల గుట్టలు ఇంకా అందంగా ఉంటాయి, ఆదిమానవుల రంగు బొమ్మలు కూడా చూడొచ్చు. కానీ అది అడవి, ఎలుగుబంట్లు తిరిగే చోటు. చిన్నోడికి పదేళ్లు నిండాక, అటవీశాఖ వాళ్లను అడిగి పోదురు గాని.

గుండం అంటే ఉత్త నీళ్లగుంట అనుకోవద్దు. మన ఓరుగల్లు గుట్టల రాయి వయసు సుమారు 250 కోట్ల ఏళ్లు. అంత గట్టి రాతి మీద చిన్న పల్లంలో వాన నీళ్లు నిలిస్తే, రాయిలోని కొన్ని ఖనిజాలు మెల్లగా మెత్తబడి మట్టిగా మారతాయి. ఆ మట్టి గాలికి, వానకు కొట్టుకుపోయి పల్లం లోతవుతుంది. మళ్లీ నీళ్లు, మళ్లీ మట్టి. వేల ఏళ్లు అలా సాగితే ఒక గుంట. పెద్దదాన్ని ఆ అంచు మీద వేలితో తడిమి చూడమను. పలుకురాయి గింజలు గరుగ్గా తగులుతాయి. మిగతాదంతా కరిగినా అవి కరగకుండా నిలిచాయి.

వానకు నిండి ఎండకు ఆరే ఇలాంటి గుంటల్లో గోరంత రొయ్యలు బతుకుతాయి. ఒళ్లు అద్దంలా ఉంటుంది, వెల్లకిలా ఈదుతాయి. గుంట ఎండితే అవి చచ్చిపోతాయి, వాటి గుడ్లు మాత్రం దుమ్ములో ఏళ్ల తరబడి ఉండిపోతాయి. వాన పడి గుంట నిండాక ఒకటి రెండు రోజుల్లోనే పొదుగుతాయి. అమెరికాలో యూటా ఎడారి రాతిగుంటల్లోనూ ఇదే కథ నడుస్తుంది. అన్ని గుంటల్లో, అన్ని వేళలా కనిపించవు. అవి లేకపోయినా తోకకప్పలో, తూనీగ పిల్లలో ఉంటాయి. తెల్లటి ఐస్‌క్రీమ్ డబ్బాతో కొన్ని నీళ్లు తీసి నీడలో పెట్టి భూతద్దంతో చూడమను. చూసిన నీళ్లను మళ్లీ అదే గుంటలో పోయించు, పక్క గుంటలో వద్దు.

చిన్న గుంటల్లో కాళ్లు పెట్టనివ్వకు. దోమల క్రీము, సన్‌స్క్రీన్ రాసుకున్న చేతులు కూడా ముంచనివ్వకు. బకెట్టెడు నీళ్లలో ఆ కాస్త మందు చాలు, లోపలున్నవి చావడానికి.

ఇక నా గుండెలో ముల్లులా ఉన్న మాట. మీ పెద్దన్నకు అప్పుడు ఏడేళ్లు. నేను టిఫిన్ డబ్బా మూత తీసే లోపల గుండంలోకి జారాడు. నీళ్లు వాడి నడుము దాకే ఉన్నాయి. కానీ చుట్టూ గోడలకు పాకుడు, చేతులు వేసిన ప్రతిసారీ జారిపోతున్నాడు. మీ పెద్దనాన్న అంచు మీద బోర్లా పడుకుని చీర కొంగు అందిస్తే దాన్ని పట్టుకుని పైకొచ్చాడు. ఇప్పటికీ తలుచుకుంటే నాకు చేతులు వణుకుతాయి. అందుకే చెబుతున్నాను, ఒక్కో పిల్లకు ఒక్కో పెద్దమనిషి ఉండాలి. నువ్వు చిన్నోడి చెయ్యి, అల్లుడు పెద్దదాని చెయ్యి వదలొద్దు. అడుగు కనబడని గుండం అంచుకు అసలు పోవద్దు. రాతి మీద నల్లటి చారలుంటే అది నీళ్లు పారే దారి, తడిస్తే నూనె పోసినట్టు జారుతుంది. ఒక పాత నూలు చీర సంచిలో పెట్టుకో. ఎవరైనా జారితే వెనకాలే దూకొద్దు, పడుకుని చీర అందించాలి.

పొద్దున ఆరింటికల్లా ఎక్కడం మొదలుపెట్టి పదింటికి దిగిపోండి. తర్వాత రాయి పెనంలా కాలుతుంది. మబ్బు పట్టి ఉరుము వినిపిస్తే తిన్నది, తినంది చూడకుండా దిగాలి. బోడ రాతి మీద పిడుగుకు మనమే ఎత్తు. తేనెతుట్టె కనిపిస్తే అరవకుండా వెనక్కి తిరగండి, ఆ రోజు సెంటు కొట్టుకోవద్దు. చెప్పులు కాదు, బూట్లు వేయించు. మనిషికి రెండు లీటర్ల నీళ్లు పట్టుకుపో, గుండం నీళ్లు తాగించకు.

చిన్నోడు సగంలో అలిసి కూర్చుంటే అక్కడి గుంటే చూసి దిగిపోండి. పైదాకా పోకపోతే ఏం కాదు.

వాళ్లు చూసిన గుంటను ఒకటి గుర్తు పెట్టుకోమను. ఏప్రిల్‌లో ఒక పొద్దున మళ్లీ అక్కడికే తీసుకుపో. నీళ్లుండవు, అడుగున దుమ్ము ఉంటుంది. దాన్ని ఊదనివ్వకు, తీయనివ్వకు, చూడనివ్వు చాలు.

ఏ రోజు పోతున్నారో ముందే చెప్పు. సర్వప్ప చేసి గుట్ట కింద గుడి దారిలో కూర్చుంటాను.

నీ పెద్దమ్మ