బియ్యంలో రాయబోయే పేరు

అనంతపురం,
ఆదివారం పొద్దున.

చి.ల.సౌ. శైలజకు పెద్దనాయన ఆశీస్సులు.

నిన్న రాత్రి మీ పెద్దమ్మ ఫోను నా చేతిలో పెట్టి, "చూడు, పిల్లోని పేరు బియ్యంలో నువ్వే రాయాలంట" అంది. ఆ సంతోషంలో అన్నం సయించలేదు. ఆ తర్వాత గ్రూపులో నువ్వు పెట్టిన ఆరు పేర్ల లిస్టు చూశాను. దాంతో నిద్ర కూడా పోయింది. అందుకే ఈ జాబు. మెసేజ్ పెడితే నువ్వు బొటనవేలు బొమ్మ పెట్టి ఊరుకుంటావని నాకు తెలుసు. కాగితం మీద రాసి ఫోటో తీసి పంపిస్తున్నా. పిల్లోడు పాలు తాగి పడుకున్నాక నిదానంగా చదువు.

ముందు ఆఫీసు పని. పుట్టిన 21 రోజుల్లోపు నమోదు చేయించు. పేరు తేలలేదని నమోదు ఆపొద్దు, పేరు తర్వాత చేర్చుకోవచ్చు. ఏడాదిలోపు అయితే ఫీజు లేదు, ఫీజు కడితే 15 ఏళ్ళ వరకు చేరుస్తారు. 2023 అక్టోబర్ 1 తర్వాత పుట్టిన పిల్లలకు బడిలో చేర్చాలన్నా, పాస్‌పోర్టు తీయాలన్నా ఆ జనన ధ్రువపత్రమే ఆధారం. కాబట్టి అందులో పడిన అక్షరం జన్మంతా వెంట వస్తుంది. ఇంగ్లీషు స్పెల్లింగు ఒకటే ఖాయం చేసుకొని, అల్లుడు ఐర్లాండులో, ఆ డబ్లిన్‌లో నింపే కాగితాల్లోనూ అదే రాయమను. న్యూమరాలజీ ఆయన చెప్పాడని ఇంకో 'ఎ' తగిలించావంటే మాత్రం నేను రాను.

ఇక నీ లిస్టు. ర్యాన్, కియాన్, ఆరవ్, అర్మాన్, ఈథన్, లియో. అన్ని దేశాలవాళ్ళకూ నోరు తిరగాలి, అర్థం బాగుండాలి అన్నావు. అర్థం వెతకాలనే బుద్ధి పుట్టినందుకు నాకు గర్వంగానే ఉంది, పంతులింటి పిల్లవి కదా. కానీ ఫోనులో కనబడిందల్లా నమ్మితే ఎలా? ఆరవ్ అంటే 'శాంతి' అని రాశావు. ఆరవం అంటే సంస్కృతంలో అరుపు, మోత. రాత్రి రెండు గంటలకు వాడు చేసేది అదే కాబట్టి సరిపోతుందంటే నేనేం చెప్పను! అర్మాన్ పారశీకం మాట. కోరిక, ఆరాటం అని. ఎనిమిదేళ్ళు ఎదురుచూసి కన్నావు, కోరిక తీరి ఒళ్ళో పడుకుంటే ఇంకా కోరికా అని పిలవడమేంటి? ర్యాన్ ఐర్లాండులో మొదట ఇంటిపేరు. అక్కడి భాషలో 'రీ' అంటే రాజు, దాన్నిబట్టి 'చిన్నరాజు' అని అర్థం చెప్తారు. కియాన్ కూడా వాళ్ళదే, 'పురాతనుడు' అని. మూడు కిలోల పసిగుడ్డును ఎత్తుకొని పురాతనుడా అనాలంటే నాకు నవ్వొచ్చింది. ఈథన్ హీబ్రూ, స్థిరమైనవాడు. తెలుగు బైబిలులో ఏతాను అని ఉంటుంది చూడు.

దేశాలు దాటే పేర్లు లేకపోలేదు. హీబ్రూలో 'దేవుడు కరుణించాడు' అని అర్థం వచ్చే ఒక్క పేరే ఇంగ్లీషులో జాన్, రష్యాలో ఇవాన్, స్పెయిన్‌లో హువాన్, అరబ్బీలో యూహన్నా, మన దగ్గర యోహాను. జార్జ్ అంటే ఏమనుకున్నావు? గ్రీకులో భూమి దున్నేవాడు. ఇంగ్లండు రాజులు పెట్టుకున్నది మన శనక్కాయల రైతు పేరు. కడపలో ఉన్నావు కదా, బ్రౌన్ లైబ్రరీ దగ్గర ఎన్నిసార్లు ఆటో దిగి ఉంటావో. ఆ దొర పూర్తి పేరు ఛార్లెస్ ఫిలిప్ బ్రౌన్. ఛార్లెస్ అంటే పాత జర్మను భాషల్లో మగమనిషి, స్వతంత్రుడు. ఫిలిప్ అంటే గ్రీకులో గుర్రాలంటే ఇష్టమున్నవాడు. ఇంత మంచి పేర్లుంటే మనవాళ్ళు ఆయన్ను పిలిచింది మూడో ముక్కతో, అది వట్టి రంగు.

దత్తమండలాలకు, అంటే మన సీమ, బళ్ళారి వైపుకు, 1800లో కలెక్టరుగా వచ్చిన మన్రో దొర సంగతి ఇంకా చిత్రం. ఆయన పేరు థామస్, అరమాయిక్ భాషలో కవల అని అర్థం. ఆ అర్థం ఎవరు అడిగారు? 1827లో ఆయన పత్తికొండలో కలరాతో పోయాడు. మన సీమవాళ్ళు ఆయన మీద అభిమానంతో పిల్లలకు మన్రోలప్ప అని పెట్టుకున్నారు. కడప పెద్ద దర్గా వీధిలో నిలబడి "దస్తగిరీ" అని పిలువు, తిరిగి చూసినవాడు ఏ మతంవాడో చెప్పలేవు. దస్త్ అంటే చేయి, గీర్ అంటే పట్టుకునేవాడు. బాగ్దాదులో సమాధి ఉన్న అబ్దుల్ ఖాదర్ జీలానీ బిరుదు అది. చేయి పట్టి గట్టెక్కించేవాడని. కేథలిక్కుల ఇళ్ళలో పీటరు రాయప్ప అయ్యాడు, పాల్ చిన్నప్ప అయ్యాడు. పీటరుకు మూలమైన గ్రీకు మాటకు రాయి అనే అర్థం, పాల్‌కు మూలమైన లాటిన్ మాటకు చిన్నవాడు అని. ఆ పేర్లు మార్చినాయన ఎవరో గానీ నాకంటే మంచి పంతులు. నేను చేసిన పని చెప్తా విను. మీ నాయనకు కూడా పూర్తిగా చెప్పలేదు.

నా పేరుతో మొదలుపెట్టాలి. మా అమ్మకు నాకంటే ముందు ఇద్దరు పుట్టి పోయారు. నేను పుట్టగానే దిబ్బమీద పడుకోబెట్టి, పక్కింటామె చేత ఎత్తించి ఇంట్లోకి తెచ్చుకుంది. కన్నడంలో తిప్పె అంటే పేడదిబ్బ, అందుకే తిప్పన్న. పనికిమాలిన వస్తువనుకొని చావు ఇటు చూడదని ఆశ. చైనా పల్లెల్లోనూ గౌషెంగ్ అని పెట్టేవాళ్ళట, 'కుక్క తినగా మిగిలినవాడు' అని. అక్కడి తల్లులకూ ఇదే భయం. కానీ టీచర్ ట్రైనింగులో నా పేరు పిలిచినప్పుడల్లా వెనకబెంచీ నవ్వేది. బళ్ళారి వైపు వాడొకడు అర్థం విప్పి చెప్పాడు మరి. ఆ మంట కడుపులో పెట్టుకొని నేను ఉద్యోగంలో చేరాను.

1979. నార్పల దగ్గర ఒక పల్లె. అరవైమంది పిల్లలకు నేనొక్కడినే పంతులు. అప్పట్లో అడ్మిషన్ రిజిస్టరులో మనం ఏది రాస్తే అదే పేరు, ఏది రాస్తే అదే పుట్టినరోజు. సగం ఊరికి జూలై 1 పుట్టినరోజు ఇచ్చింది నేనే. ఒకరోజు ఒక గొర్రెల కాపరి, భుజాన కంబళి, కొడుకును చేయి పట్టుకొని వచ్చాడు. పేరు అడిగితే "కుళ్ళాయప్ప సామీ" అన్నాడు. గూగూడు కుళ్ళాయిస్వామి పీరుకు మొక్కుకుంటే పుట్టిన బిడ్డ. ఆ చుట్టుపక్కల హిందువులకూ ముస్లిములకూ ఆ పేరే ఉంటుంది. కుళ్ళాయి అంటే టోపీ, పారశీకం కులాహ్ నుంచి వచ్చింది. శ్రీనాథుడంతటివాడు కర్ణాట రాజు కొలువుకు నెత్తిన పెట్టుకొని పోయింది ఆ కుళ్ళాయే. ఇదంతా తర్వాత చదువుకున్నది. ఆరోజు నా చెవికి ఆ పేరు మోటుగా వినబడింది, అంతే. పాళీ సిరాలో ముంచి 'కులశేఖర్' అని రాశాను. బ్లాటింగ్ కాగితం అద్దాను. తండ్రి చేత వేలిముద్ర వేయించుకున్నాను. ఏం రాశానో ఆయనకు చదివి వినిపించలేదు.

శేఖరం అన్నా తలమీద పెట్టుకునేదే. టోపీ తీసి కిరీటం పెట్టానని ఇప్పుడు నవ్వుకోవచ్చు.

మరుసటి రోజు హాజరు పిలిచాను. కులశేఖర్. ఎవరూ పలకలేదు. ఆబ్సెంట్. ఆ మర్నాడూ అంతే. అట్లా ఎనిమిది రోజులు వరసగా ఆబ్సెంట్ వేశాను. వాడు రోజూ అందరికంటే ముందొచ్చి, మూడో వరసలో, పలక ఒళ్ళో పెట్టుకొని, నా నోటివైపే చూస్తూ కూర్చునేవాడు. తన పేరు ఎప్పుడొస్తుందా అని. తొమ్మిదో రోజు పక్కనున్న పిల్ల "సార్, కుళ్ళాయిగాన్ని పిలవనే లేదు" అంది. అప్పుడైనా నాకు బుద్ధి రావాల్సింది. వాణ్ణి లేపి, "ఈరోజు నుంచి నువ్వు కులశేఖర్" అని పదిసార్లు పలికించాను. ఏదో ఉపకారం చేసినట్టు.

1984లో వాడు ఐదు పాసయ్యాడు. నాకప్పటికే వేరే ఊరికి బదిలీ. తండ్రి వాణ్ణి ఒక హాస్టలుకు తీసుకెళ్ళాడు. ఊళ్ళో ఇచ్చిన కాగితాల్లో కుళ్ళాయప్ప, బడి టీసీలో కులశేఖర్. అక్కడి గుమాస్తా రెండు కాగితాలూ పక్కపక్కన పెట్టి, "వీళ్ళిద్దరిలో నీ కొడుకెవరు?" అన్నాడట. సీటు ఇవ్వలేదు. వాడు ఆ ఏడాదంతా గొర్రెల వెంట తిరిగాడు.

నాకివేవీ తెలియవు. ఆ అక్టోబరులో మొహర్రంకు గూగూడు పోయాను. అగ్నిగుండం దగ్గర జనంలో తండ్రి కనబడ్డాడు. పీరు దగ్గర చక్కెర చదివించుకొని వస్తున్నాడు. నా అరచేతిలో ఇంత చక్కెర పోసి, చాలా మామూలుగా అడిగాడు: "సామీ, నా మొక్కుడు పేరు యాడ పెడితివి?"

శైలూ, ఆ మనిషి నన్ను నాలుగు తిట్టి ఉంటే బాగుండేది. చేతిలో చక్కెర చెమటకు కరిగిపోతున్నా నాకు నోరు పెగల్లేదు. తర్వాత బడుల ఇన్‌స్పెక్టరు ఆఫీసు చుట్టూ తిరిగి పేరు సరిచేయించాను, మరుసటి జూన్‌లో వాణ్ణి ఆరులో నేనే చేర్చాను, అది వేరే సంగతి. ఒక ఏడాది పోయింది కదా. ఇప్పుడు వాడికి చీనీ (బత్తాయి) తోట ఉంది. ఉగాదికి తప్పకుండా ఫోన్ చేస్తాడు. ఎత్తగానే "సార్, కులశేఖర్‌ను మాట్లాడుతున్నా" అంటాడు, నన్ను ఏడిపించడానికి.

ఇది ఎందుకింత రాశానంటే నీ దగ్గరా ఒక మొక్కు ఉంది. నీకు తెలియదు. మీ అమ్మ చెప్పదు, పిల్లల ఇష్టానికి అడ్డం పడకూడదని ఆమె పట్టుదల. మీ పెద్దమ్మతో చెప్పుకొని ఏడ్చిందట. నీ రెండో గర్భం నిలవనప్పుడు ఆమె ఎగువ అహోబిలం నరసింహస్వామి దగ్గరికి నడిచివెళ్ళి, బిడ్డ దక్కితే నీ పేరు పెడతా సామీ అని మొక్కింది. అహోబలం మనవాళ్ళ నోట్లో ఓబళం అయింది, ఆ దేవుడు ఓబులేసు అయ్యాడు. మీ నాయన పేరు అక్కడిదే. నువ్వు ఇంజనీరింగులో చేరినప్పుడు ఆ పేరు సిగ్గనిపించి ఫారంలో 'ఓ.బి.' అని రాశావు, గుర్తుందా? మీ నాయన నవ్వి, "పోనీలే అన్నా, ఇంగ్లీషు దేవుణ్ణయ్యాను" అన్నాడు నాతో. నిన్ను కోప్పడాల్సింది నేను. కోప్పడలేదు, నాదే అలాంటి తప్పు ఉంది గనక. వాడు ఉండి ఉంటే ఈ పాటికి మనవణ్ణి ఒళ్ళో వేసుకొని ఒక్క లిస్టూ చూడకుండా నీ ఇష్టమే అనేవాడు.

కాబట్టి ఓబులేసు అనే పెట్టమని నేననడం లేదు. డబ్లిన్ బడిలో వాడు ఎట్లా నెగ్గుకొస్తాడో అన్న టెన్షన్ నాకూ ఉంది, వెనకబెంచీ నవ్వు ఏ దేశంలోనైనా ఒకటే. నరహరి ఉంది, ప్రహ్లాద్ ఉంది. ప్రహ్లాదం అంటే సంతోషం, నోరు తిరక్కపోతే వాళ్ళే నేర్చుకుంటారు. ఇంకోటి కూడా చూశాను. నీ లిస్టులో చివరిది లియో, లాటిన్‌లో సింహం. రష్యావాళ్ళ లెవ్ సింహం, టర్కీవాళ్ళ అస్లాన్ సింహం, అరబ్బుల అసద్, హైదర్ సింహాలే. నువ్వు తెలియక రాశావో, ఆ అహోబిలం ఆయనే నీ చేత రాయించాడో! ఏదైనా సరే, ముందు మీ అమ్మను పక్కన కూర్చోబెట్టుకొని "మొక్కు సంగతి పెద్దనాయన చెప్పాడు, ఏం పెడదాం?" అని అడుగు. నా మీద కోప్పడుతుంది, పడనీ. ఆమె నోటితో ఒకసారి పిలిపించి చూడు. రోజూ వీడియో కాల్‌లో పిలవాల్సింది ఆమె.

శనివారం సాయంత్రం బస్సుకు మీ పెద్దమ్మా నేనూ బయల్దేరుతాం. వెడల్పు పళ్ళెం ఒకటి తీసిపెట్టు, బియ్యం పలచగా పరుచు. ఈ మధ్య చేయి వణుకుతోంది, ఉంగరంతో చిన్న అక్షరాలు రాయలేను. మీ అమ్మను నా ఎదురుగా కూర్చోబెట్టు. ఈసారి రాసింది ఆమెకు గట్టిగా చదివి వినిపించాకే పళ్ళెం కదుపుతా.

మీ పెద్దనాయన,
తిప్పన్న