పాఠకుల ప్రశ్నలు – జవాబులు: కాల్గరీ–ఫుట్‌హిల్స్, పేరు నిలిచి నేల కదిలిన నియోజకవర్గం

ప్రశ్న: మా అమ్మాయి కుటుంబం కెనడాలోని కాల్గరీ నగరంలో స్థిరపడింది. ప్రసాద్ పండా అనే తెలుగువారు ఆ నగరం నుంచి శాసనసభకు ఎన్నికై మంత్రిగా కూడా పనిచేశారని అక్కడికి వెళ్లినప్పుడు విన్నాను. ఆయన నియోజకవర్గం కాల్గరీ–ఫుట్‌హిల్స్ అని ఒకరు, కాల్గరీ–ఎడ్జ్‌మాంట్ అని మరొకరు చెప్పారు. ఏది సరైనది? ఫుట్‌హిల్స్ నియోజకవర్గం చరిత్రను వివరించగలరా?
– ఒక పాఠకురాలు, గుంటూరు

జవాబు: మీకు ఇద్దరూ సరిగానే చెప్పారు. పండా గారు 2015 సెప్టెంబరు 3న జరిగిన ఉప ఎన్నికలో కాల్గరీ–ఫుట్‌హిల్స్ నుంచి, 2019 సాధారణ ఎన్నికల్లో కాల్గరీ–ఎడ్జ్‌మాంట్ నుంచి గెలిచారు. ఈ రెండింటి నడుమ నియోజకవర్గాల హద్దులు మారి, పాత ఫుట్‌హిల్స్‌లోని కొంత భాగం ఎడ్జ్‌మాంట్ అనే కొత్త నియోజకవర్గంలోకి వెళ్లింది. ఒక నగర నియోజకవర్గం చరిత్రను చదివేటప్పుడు ముందుగా గమనించవలసింది ఇదే: బ్యాలెట్ మీద ఒకే పేరు అర్ధ శతాబ్దం పాటు కనిపించినా, ఆ పేరు కింద ఉన్న వీధులూ ఇళ్లూ ఎప్పుడూ అవే అయి ఉండవు.

కెనడాలో మన రాష్ట్రానికి సమానమైనదాన్ని ప్రావిన్సు అంటారు, నియోజకవర్గాన్ని వాడుకలో రైడింగ్ అంటారు. ముఖ్యమంత్రిని ప్రీమియర్ అని పిలుస్తారు. కాల్గరీ ఉన్న ఆల్బెర్టా ప్రావిన్సుకు శాసనమండలి లేదు, ఒక్క శాసనసభే ఉంది. ఆల్బెర్టాలో అతి పెద్ద నగరం కాల్గరీయే అయినా రాజధాని మాత్రం ఎడ్మంటన్. నగరానికి పడమట రాకీ పర్వతాలు మొదలయ్యే ముందు పరచుకున్న చిన్న కొండల వరుసను ఇంగ్లీషులో ఫుట్‌హిల్స్ అంటారు. నియోజకవర్గానికి ఆ పేరే పెట్టారు. 1966లో నగర వాయవ్య భాగంలో ప్రారంభమైన పెద్ద ఆసుపత్రికి కూడా అదే పేరు ఉండటం వల్ల, కాల్గరీ వాసులకు ఫుట్‌హిల్స్ అనగానే వాయవ్య దిక్కు గుర్తుకొస్తుంది. ఈ నేల అంతా బ్లాక్‌ఫుట్, సూటినా, స్టోనీ నకోడా అనే ఆదివాసీ జాతుల వారిది. 1877లో బ్రిటిష్ రాణి ప్రభుత్వంతో వారు కుదుర్చుకున్న ఏడో ఒప్పందం పరిధిలోకి వస్తుంది. అయినా ఒప్పందపు ఆదివాసులకు ఆల్బెర్టా శాసనసభ ఎన్నికల్లో ఓటు హక్కు 1965లో గానీ రాలేదు. ఫుట్‌హిల్స్ నియోజకవర్గం పుట్టింది దాని తర్వాత ఆరేళ్లకు మాత్రమేనన్నది మరచిపోకూడని సంగతి.

ఆ నియోజకవర్గం తొలిసారి ఓటేసింది 1971 ఎన్నికల్లో. నగర శివార్లు అప్పటికే వేగంగా పెరుగుతున్నాయి. పక్కనే విడిగా ఉన్న ఫారెస్ట్ లాన్ 1961లోనూ, మాంట్‌గోమరీ 1963లోనూ, బౌనెస్ 1964లోనూ కాల్గరీలో కలిసిపోయాయి. 1947లో లెడ్యూక్ దగ్గర చమురు బయటపడిన నాటి నుంచి చమురు కంపెనీల కార్యాలయాలు కాల్గరీకి తరలివచ్చాయి, వాటి ఉద్యోగుల కోసం ఉత్తరాన, పడమర కొత్త కాలనీలు వెలిశాయి. 1971లో నాలుగు లక్షల పైచిలుకు ఉన్న నగర జనాభా 2021 నాటికి 13 లక్షలు దాటింది. ఈ పెరుగుదలకు తగినట్టు నగరానికి ఎక్కువ స్థానాలు ఇవ్వవలసి రావడంతో, శాసనసభ సంఖ్యను 1971లో 65 నుంచి 75కు పెంచారు.

ఆ ఎన్నికల్లోనే పీటర్ లఘీడ్ నాయకత్వంలోని ప్రోగ్రెసివ్ కన్సర్వేటివ్ పార్టీ, 1935 నుంచి ఏకధాటిగా అధికారంలో ఉన్న సోషల్ క్రెడిట్ పార్టీని ఓడించింది. ఫుట్‌హిల్స్ తొలి సభ్యుడు లెన్ వెర్రీ కొత్త ప్రభుత్వంలో టెలిఫోన్లు, ప్రజోపయోగ సేవల మంత్రి అయ్యారు గానీ, 1973లోనే పదవిలో ఉండగా కన్నుమూశారు. అదే ఏడాది జరిగిన ఉప ఎన్నికలో సోషల్ క్రెడిట్ పార్టీ కొత్త నాయకుడు వెర్నర్ ష్మిట్ స్వయంగా పోటీకి దిగారు. శాసనసభలో చోటు లేని ప్రతిపక్ష నాయకుడు సభలో అడుగుపెట్టడానికి ఇదొక అవకాశం అనుకున్నారు. ఫుట్‌హిల్స్ ఓటర్లు ఆయనకు ఆ అవకాశం ఇవ్వలేదు, కన్సర్వేటివ్ అభ్యర్థి స్టూవర్ట్ మెక్‌క్రేను గెలిపించారు. నా దృష్టిలో 1971 ఫలితం ఒక్కసారి వీచిన గాలి కాదని, నగర మధ్యతరగతి పాత పార్టీని విడిచిపెట్టిందని రూఢి అయినది ఈ ఉప ఎన్నికతోనే.

ఆ తర్వాత నలభై ఏళ్ల కథ త్వరగా చెప్పేయవచ్చు, ఎందుకంటే ఆ కాలమంతా ఇక్కడ ఒకే పార్టీ గెలిచింది. మెక్‌క్రే తర్వాత 1982లో జానెట్ కోపర్ ఎన్నికై 1988లో పదవిలో ఉండగానే మరణించారు. 1989లో గెలిచిన పాట్ బ్లాక్, తరువాతి కాలంలో పాట్రీషియా నెల్సన్ పేరుతో, రాల్ఫ్ క్లైన్ ప్రభుత్వంలో ఇంధన శాఖను, 2001 నుంచి 2004 వరకు ఆర్థిక శాఖను నిర్వహించారు. చమురు మీద బతికే ప్రావిన్సులో ఈ రెండు శాఖలకు మించినవి లేవు. 2004లో ఆమె తప్పుకున్నాక లెన్ వెబర్ వచ్చారు. ఈయన తండ్రి నీల్ వెబర్ కూడా లఘీడ్ మంత్రివర్గంలో పనిచేసినవారే.

అసలు కథ 2014లో మొదలవుతుంది. అప్పటి ప్రీమియర్ ఆలిసన్ రెడ్‌ఫర్డ్ తీరును నిరసిస్తూ వెబర్ ఆ ఏడాది మార్చిలో పార్టీ శాసనసభాపక్షం నుంచి బయటికి వచ్చారు, తర్వాత సభ్యత్వాన్నే వదులుకున్నారు. సెప్టెంబరులో ప్రీమియర్ అయిన జిమ్ ప్రెంటిస్ అంతకుముందు ఫెడరల్ ప్రభుత్వంలో మంత్రిగా పనిచేసినవారే గానీ, ఆ సమయానికి శాసనసభలో సభ్యుడు కారు. ఖాళీగా ఉన్న ఫుట్‌హిల్స్ నుంచి పోటీ చేసి అక్టోబరు 27న గెలిచారు. ఆరు నెలలు గడిచీ గడవకముందే గడువుకంటే ముందుగా సాధారణ ఎన్నికలకు పిలుపునిచ్చారు. 2015 మే 5న వెలువడిన ఫలితాల్లో ఆయన పార్టీ మూడో స్థానానికి పడిపోయి, 44 ఏళ్ల ఏకపార్టీ పాలన ముగిసింది. వామపక్షం వైపు మొగ్గే న్యూ డెమోక్రటిక్ పార్టీ తొలిసారి అధికారం చేపట్టింది. ఫుట్‌హిల్స్‌లో మాత్రం ప్రెంటిస్ గెలిచారు. గెలిచిన ఆ రాత్రే పార్టీ నాయకత్వంతో పాటు ఆ స్థానాన్ని కూడా వదులుకుంటున్నట్టు ప్రకటించారు. ఆ మరుసటి ఏడాది అక్టోబరులో ఆయన విమాన ప్రమాదంలో మరణించారు.

దీంతో ఫుట్‌హిల్స్ ఓటర్లు పదకొండు నెలల్లో మూడోసారి, అంటే 2014 అక్టోబరు, 2015 మే, 2015 సెప్టెంబరు నెలల్లో, పోలింగ్ కేంద్రాలకు నడవవలసి వచ్చింది. ఓటు వేయించుకున్న మనిషి అదే రాత్రి వెళ్లిపోతే ఓటరుకు కలిగే బాధ ఏ దేశంలోనైనా ఒకటే. ఆ మూడో ఎన్నికలో అధికార పార్టీ, కాల్గరీ రాజకీయాల్లో ఎంతో అనుభవం ఉన్న బాబ్ హాక్స్‌వర్త్‌ను నిలబెట్టింది. కన్సర్వేటివ్‌ల కంటే కుడి వైపున ఉన్న వైల్డ్‌రోజ్ పార్టీ తరఫున నిలబడిన పండా సుమారు 38 శాతం ఓట్లతో గెలిచారు. చమురు రంగంలో పనిచేసిన ఇంజినీరు ఆయన. చమురు ధరలు పడిపోయి కాల్గరీలో ఉద్యోగాలు ఊడుతున్న వేసవి అది. అందుకే ఆ వృత్తి నేపథ్యం ఓటర్లకు దగ్గరగా తోచి ఉంటుందని నేను భావిస్తాను. భారతదేశం నుంచి వలస వెళ్లిన ఒక తెలుగువారు, నాలుగు దశాబ్దాలకు పైగా ఒకే పార్టీ చేతిలో ఉన్న స్థానాన్ని ఆ పార్టీ నుంచి తీసుకోవడం మన పత్రికల్లో రెండు వాక్యాల వార్తగానే వచ్చి పోయింది. అది ఇంకా వివరంగా రాయదగ్గ విషయమని నా అభిప్రాయం.

2017లో వైల్డ్‌రోజ్, ప్రోగ్రెసివ్ కన్సర్వేటివ్ పార్టీలు కలిసి యునైటెడ్ కన్సర్వేటివ్ పార్టీగా ఏర్పడ్డాయి. 2019 ఎన్నికల్లో ఆ పార్టీ తరఫున పండా ఎడ్జ్‌మాంట్ నుంచి, జేసన్ లువాన్ ఫుట్‌హిల్స్ నుంచి గెలిచారు. పండా మౌలిక వసతుల మంత్రిగా, 2022లో కొంతకాలం రవాణా మంత్రిగా పనిచేశారు. 2023 మే ఎన్నికల్లో రెండు స్థానాలూ న్యూ డెమోక్రటిక్ పార్టీకి వెళ్లాయి. ఫుట్‌హిల్స్‌లో కోర్ట్ ఎలింగ్‌సన్ కొద్ది వందల ఓట్ల తేడాతో గట్టెక్కారు. 1971 నుంచి కుడి పక్షం వైపే నిలిచిన నియోజకవర్గం అలా మొదటిసారి రెండో వైపు మొగ్గింది.

ప్రశ్న: కాల్గరీ నగరమంతా ఒకప్పుడు ఒకే నియోజకవర్గంగా ఉండేదని, ఓటర్లు అభ్యర్థులకు 1, 2, 3 అని అంకెలు వేసేవారని చదివాను. అది నిజమా? ఎందుకు మానేశారు?
– ఒక పాఠకుడు, హనుమకొండ

జవాబు: నిజమే. 1905లో ఆల్బెర్టా ప్రావిన్సు ఏర్పడినప్పుడు కాల్గరీకి ఒకే సభ్యుడు ఉండేవారు. 1909లో ఆ సంఖ్య రెండయింది, 1913లో నగరాన్ని మూడు ముక్కలు చేశారు. 1921లో మళ్లీ నగరమంతటినీ కలిపి ఐదుగురు సభ్యుల నియోజకవర్గంగా మార్చారు. ‘ఐ ఓపెనర్’ పత్రికతో పేరు పొందిన సంపాదకుడు బాబ్ ఎడ్వర్డ్స్ ఆ ఏడాది స్వతంత్రుడిగా ఎన్నికైనవారిలో ఒకరు. కార్మిక పక్షం నుంచి అలెక్స్ రాస్, ఫ్రెడ్ వైట్ గెలిచారు.

మీరు చదివిన అంకెల పద్ధతి 1924లో చేసిన చట్టంతో వచ్చి 1926 నుంచి 1955 ఎన్నికల వరకు నగరాల్లో అమలైంది. ఓటరు తనకు అందరికంటే నచ్చిన అభ్యర్థికి 1, తరువాతి వారికి 2, అలా అంకెలు వేస్తారు. ఐదు స్థానాలుంటే, పోలైన ఓట్లలో ఆరో వంతుకు కాస్త మించి తెచ్చుకున్నవారు గెలిచినట్టే. అంతకంటే ఎక్కువ వచ్చిన ఓట్లను ఆ బ్యాలెట్ల మీది రెండో అంకె ప్రకారం ఇతరులకు బదిలీ చేస్తారు. అడుగున మిగిలినవారిని తొలగించి వారి ఓట్లనూ అలాగే పంచుతారు. దీనివల్ల ఆరో వంతు మంది మద్దతు ఉన్న పక్షానికి కూడా నగరం నుంచి ఒక గొంతు దక్కేది. పల్లె ప్రాంతాల్లో ఒక్కొక్క సభ్యుడినే ఎన్నుకునేవారు కాబట్టి అక్కడ ఈ లాభం లేదు. తరువాత పాతికేళ్లు ప్రీమియర్‌గా ఉన్న ఎర్నెస్ట్ మానింగ్ 1935లో తొలిసారి సభకు ఎన్నికైంది ఈ కాల్గరీ నియోజకవర్గం నుంచే.

1956లో ఆ మానింగ్ ప్రభుత్వమే ఈ పద్ధతిని రద్దు చేసింది. చెల్లని ఓట్లు ఎక్కువవుతున్నాయని, లెక్కింపు జటిలంగా ఉందని ప్రభుత్వం కారణం చెప్పింది. 1955లో అధికార పార్టీ సీట్లు తగ్గినందువల్లే ఈ మార్పు అని ప్రతిపక్షాలు ఆక్షేపించాయి. చెల్లని ఓట్ల సమస్య ఉన్న మాట వాస్తవమే అయినా, తర్వాతి ఫలితం చూస్తే ప్రతిపక్షాల మాటను కొట్టిపారేయలేం. 1959లో కాల్గరీని ఏడు ఏకసభ్య నియోజకవర్గాలుగా చీల్చగా, అధికార పార్టీ ఆరు గెలుచుకుంది. మొత్తం ప్రావిన్సులో సుమారు 56 శాతం ఓట్లతో 65 స్థానాల్లో 61 దాని ఖాతాలో పడ్డాయి. 1955లో కాల్గరీ నుంచి గెలిచిన లిబరల్ నాయకుడు గ్రాంట్ మాక్‌యువన్ కూడా ఆ నగరంలోనే ఓడిపోయారు. ఫుట్‌హిల్స్ వంటి వాయవ్య నియోజకవర్గాలకు మూలం 1959 నాటి ఈ విభజనే.

ప్రశ్న: అక్కడ నియోజకవర్గాల హద్దులు ఎవరు గీస్తారు? మన దగ్గర లాగా దశాబ్దాల పాటు ఆగిపోవడం ఉంటుందా?
– ఒక విద్యార్థిని, విశాఖపట్నం

జవాబు: మన రెండు తెలుగు రాష్ట్రాల శాసనసభ నియోజకవర్గాలు ఇప్పటికీ 2001 జనాభా లెక్కల ఆధారంగా 2008లో ఖరారైన హద్దుల మీదే నడుస్తున్నాయి. ఆల్బెర్టాలో మాత్రం కొన్ని ఎన్నికలకు ఒకసారి ఐదుగురు సభ్యుల కమిషన్‌ను వేసి హద్దులు సవరిస్తారు. అధ్యక్షుడు కాక మిగిలిన నలుగురిలో ఇద్దరిని ప్రభుత్వ పక్షం, ఇద్దరిని ప్రతిపక్షం సూచించాలి. ఒక నియోజకవర్గ జనాభా ప్రావిన్సు సగటుకు 25 శాతం కంటే ఎక్కువగానో తక్కువగానో ఉండకూడదు. జనం పలచగా ఉన్న నాలుగు ప్రాంతాల వరకు మాత్రం 50 శాతం దాకా తగ్గుదలకు వీలుంది. నగర శివారు నియోజకవర్గాలకు దీనివల్ల నష్టం ఉంది. గీత గీసిన రోజున సగటు జనాభాతో మొదలైన కొత్త కాలనీల ప్రాంతం, తదుపరి కమిషన్ వచ్చేలోగా చాలా బరువెక్కుతుంది. అక్కడి ఓటు విలువ పల్లె ఓటు కంటే తగ్గుతుంది. 1991లో కెనడా సుప్రీంకోర్టు సస్కాచవాన్ ప్రావిన్సు హద్దుల కేసులో, రాజ్యాంగం హామీ ఇచ్చేది అంకెల సమానత్వం కాదని, సార్థకమైన ప్రాతినిధ్యమని చెప్పి ఇటువంటి తేడాలకు చోటు కల్పించింది. ఆ తీర్పు పల్లెలకు న్యాయం చేసిందేమో గానీ, ఫుట్‌హిల్స్ వంటి చోట్ల ఇల్లు కొనుక్కున్న కొత్త వలస కుటుంబాలకు అది అంత న్యాయంగా కనిపించదని నేననుకుంటాను.

2017 కమిషన్ ప్రావిన్సులోని 87 స్థానాల్లో కాల్గరీ వాటాను 25 నుంచి 26కు పెంచింది. ఎడ్జ్‌మాంట్ నియోజకవర్గం అప్పుడు పుట్టిందే. 2024లో చేసిన చట్టం మొత్తం స్థానాలను 89కి పెంచింది. తదుపరి సాధారణ ఎన్నికలు 2027 అక్టోబరులో జరగాలి. కాబట్టి మొదటి ప్రశ్న అడిగిన పాఠకురాలి అమ్మాయి కుటుంబం వాయవ్య కాల్గరీలో ఉంటున్నట్లయితే, తమది ఏ నియోజకవర్గమో పాత ఓటరు చీటీని బట్టి కాకుండా ఆల్బెర్టా ఎన్నికల కార్యాలయం ఇచ్చే కొత్త పటంలో తమ ఇంటి చిరునామాతో సరిచూసుకోవడం మంచిది.