ప్రింటర్ కొనాలా, ప్రింట్లు వేయించుకోవాలా?

ప్రశ్న: బెంగళూరు మల్లేశ్వరంలో ఉంటాం. బడిలో డ్రాయింగ్ టీచరుగా పనిచేస్తూ నీటిరంగుల బొమ్మలు వేస్తాను. మొన్న జనవరిలో చిత్రసంతెలో (ఇక్కడ ఏటా జరిగే బొమ్మల సంత) నా బొమ్మల ఏ3 ప్రింట్లు 46 అమ్ముడుపోయాయి. ఒక్కో ప్రింటుకు బయట రూ.700 తీసుకున్నారు. ఇంట్లో వేసుకుంటే కాగితం, ఇంకు కలిపి రూ.300 అవుతుందట. ప్రింటర్ ధర రూ.1,60,000. అత్యవసరానికని దాచిన రూ.2 లక్షల ఫిక్స్‌డ్ డిపాజిట్ తీసేసి కొనవచ్చా?

జవాబు: వద్దండి. ఆ డిపాజిట్‌ను కదిలించకండి.

సొంత ప్రింటర్ ఉంటే ప్రింటుకు మీకు కలిసొచ్చేది రూ.400. పెట్టిన డబ్బు వెనక్కి రావాలంటే 400 ప్రింట్లు అమ్మాలి. ఏడాదికి 46 చొప్పున దాదాపు తొమ్మిదేళ్లు! పైగా ఇంక్‌జెట్ ప్రింటర్ వాడకుండా ఉంచితేనే ఎక్కువ పాడవుతుంది. ఇంకు చిమ్మే సన్నని రంధ్రాల్లో (నాజిళ్లలో) అది ఎండిపోతుంది, శుభ్రం చేసిన ప్రతిసారీ ఖరీదైన ఇంకు వృథా అవుతుంది. నా దగ్గరికి వచ్చే ఒక చిత్రకారుడి ఇంట్లో అలాంటి మెషిన్ పాత చీర కప్పుకుని ఉంది. చివరగా తీసిన ప్రింటులో అమ్మవారి ముఖం మీద అడ్డంగా తెల్లని గీతలు. చూసి మనసు చివుక్కుమంది.

సొంత యంత్రం భారం రవివర్మకూ తప్పలేదు. 1894లో బొంబాయిలో ప్రెస్ పెట్టారు. ఆయన బొమ్మలు దేశమంతటా పూజగదులకు చేరినా ప్రెస్ అప్పుల పాలై, కొన్నేళ్లకే అందులో పనిచేసే జర్మన్ నిపుణుడు ఫ్రిట్జ్ ష్లైకర్ చేతికి వెళ్లింది.

కాబట్టి మీరు వెతకాల్సింది మంచి స్టూడియో కోసం. వాళ్లు వాడేది పిగ్మెంట్ ఇంకేనా (సన్నని రంగు రేణువులు కలిపినది) అని ముందే అడగండి. డై ఇంకు (ద్రవంలో రంగు కరిగి ఉండేది) మొదట మెరిసినా త్వరగా వెలిసిపోతుంది. కాగితం ఆమ్లరహితమై, నూరుశాతం పత్తితో, 300 జీఎస్‌ఎం (చదరపు మీటరు కాగితం బరువు గ్రాముల్లో) దాకా ఉండాలి. మరీ తళతళలాడే తెలుపును నమ్మకండి. ఆ తెలుపు కోసం కలిపే రసాయనాల ప్రభావం తగ్గాక కాగితం పసుపు తిరుగుతుంది.

అసలు బొమ్మ వెంట తీసుకెళ్లండి. మొదటి ప్రింటును షాపులో ట్యూబులైటు కింద చూసి సరేననకుండా, రెండింటినీ వాకిట్లోకి తెచ్చి పగటి వెలుగులో పక్కపక్కన పెట్టండి. నీటిరంగుల్లో ముందు చూడాల్సింది పలచని రంగు కాగితంలో కలిసిపోయే అంచులు. స్కాన్ సరిగా లేకపోతే అవి తెల్లగా ఎగిరిపోతాయి. కొన్ని గులాబీ, నెమలి రంగులు ఏ ప్రింటర్‌లోనూ పూర్తిగా రావు. ఆ మాట ముందే చెప్పేవాళ్లకు పని ఇవ్వండి. ఒక నమూనా ముక్కకు సగం నల్లకాగితం కప్పి ఎండపడే కిటికీకి అంటించండి. మూడు నెలల తర్వాత కాగితం తీస్తే, రెండు సగాల తేడా మీకే కనిపిస్తుంది.

స్కాన్ మీద మాత్రం పొదుపు చేయకండి. అమ్మే సైజులో కనీసం 300 డీపీఐతో (అంగుళానికి 300 చుక్కలు) చేయించి, ఆ ఫైలు మీ దగ్గరే ఉంచుకోండి. రేపు స్టూడియో మారినా మళ్లీ ఖర్చు ఉండదు.

ఇక, ఒకే బొమ్మను 50 వేయిస్తే రూ.550కే ఇస్తామని ఎవరైనా అంటే తొందరపడకండి. అది రూ.27,500. అందులో 12 అమ్ముడైతే మిగతా 38 బీరువాలో ఉంటాయి. అవే 12 రూ.700 చొప్పున వేయిస్తే రూ.8,400తో సరిపోయేది. ప్రింటు కింద 1/25 (మొత్తం 25లో మొదటిది) అని పెన్సిలుతో రాసి సంతకం చేసినంత మాత్రాన 25 ఒకేసారి వేయించనక్కర్లేదు. అయిదేసి వేయిస్తూ వరుస నంబర్లు ఇవ్వండి. 26వది మాత్రం ఎవరడిగినా వేయకండి, కొన్నవాళ్లకు మీరిచ్చిన మాట అది.

నెలకు 20 ప్రింట్ల చొప్పున ఏడాదంతా అమ్ముడైతే ప్రింటర్ మాట మళ్లీ ఆలోచిద్దాం, అదీ ప్రింట్ల ఆదాయంతోనే. వచ్చే సంతె మళ్లీ జనవరిలోనే కాబట్టి, కిటికీ పరీక్షకు మూడు నెలలు మిగిలేలా దసరాకు ముందే నమూనాలు వేయించండి.