పదిహేడో ఫోటో

బిడ్డా,

నువ్వు పంపిన నలభై మూడు ఫోటోలూ, వాటితోపాటు హైదరాబాద్ పండగల మీద, నీ ఉద్యోగం మీద రాసిన ఆరు పేజీలూ అందాయి. ఫోటోలు ముందు చూసి, రాసింది తర్వాత చదివాను. అక్కడే చిక్కొచ్చింది. చూసిందే మళ్లీ చదువుతున్నట్టుంది. 'రంగురంగుల పూలతో బతుకమ్మ కన్నుల పండువగా ఉంది' అన్నావు. ఆ రంగులు ఫోటోలో కనబడుతూనే ఉన్నాయి కదమ్మా. నేను పనిచేసిన ఆదివారం అనుబంధంలో ఈ కన్నుల పండువ ఏటా దసరాకి ఒకసారి, సంక్రాంతికి ఒకసారి, శ్రీరామనవమికి ఒకసారి వచ్చేది. ప్రూఫులో కొట్టేసేవాణ్ణి. మరుసటి పండక్కి మళ్లీ హాజరు.

కోప్పడుతున్నాననుకోకు. నీ కన్ను మంచిది. ముఖ్యంగా పదిహేడో ఫోటో. దాని సంగతి తర్వాత చెప్తాను.

ముందు ఇది చెప్పు. మీ ఆఫీసు లాబీలో పేర్చిన ఆ బతుకమ్మను ఎక్కడ నిమజ్జనం చేశారు? మాదాపూర్‌లో మీ అద్దాల మేడ మీంచి దుర్గం చెరువు కనిపిస్తుందన్నావు. మెడలో ట్యాగులతో, నెత్తిన బతుకమ్మతో అంతా కేబుల్ బ్రిడ్జి దాకా నడిచి వెళ్లారా? వెళ్లి ఉండరు. ఎవరో ఒక ప్లాస్టిక్ టబ్బు తెచ్చి నీళ్లు నింపి ఉంటారు. లేదంటే ఆ రాత్రికే తంగేడూ గునుగూ నల్ల కవర్లో పడి సర్వీసు లిఫ్టులో కిందికి దిగి ఉంటాయి. నీకు తెలియదు. ఏడింటికి క్యాబ్ ఎక్కేశావు. నలభై మూడు ఫోటోలు తీసే ఓపిక ఉన్నదానివి, ఫోన్ బ్యాగులో పెట్టేశాక ఇంకో అరగంట అక్కడే నిలబడి ఉంటే ఈ ఆరు పేజీలు వేరేలా ఉండేవి. ఈ ఉత్తరంలో నేను చెప్పదల్చుకున్నది ఆ అరగంట గురించే.

ఇది నేను అవమానపడి నేర్చుకున్నాను. చాలా ఏళ్ల కిందట లష్కర్ బోనాలకు, అంటే మా సికింద్రాబాద్ బోనాలకు, మా ఫోటోగ్రాఫర్‌తో వెళ్లాను. ఒంటినిండా పసుపు, ఎర్ర ధోవతి, నడుముకు వేపమండలు, చేతిలో కొరడా, డప్పుల ముందు ఎగురుతున్న పోతురాజు. 'ఉగ్రరూపం' అని శీర్షిక పెట్టి అరపేజీ నింపాను. రెండు వారాలకు నా స్కూటర్ సీటు చినిగితే కుట్టించడానికి ఒక దుకాణానికి వెళ్లాను. గోడ మీద మా పేపర్లోని ఆ ఫోటో అంటించి ఉంది. ఫోటో వరకే నీటుగా కత్తిరించాడు. నా వ్యాసం లేదు. సీటు కుడుతున్నాయన చెవుల వెనక ఇంకా పసుపు ఛాయ ఉంది.

రాసింది నేనేనని చెప్పాను. "సద్విన సార్. ఉగ్రరూపమని రాసిన్రు" అన్నాడు, దారం పళ్లతో కొరుకుతూ. "ఆ దినం నాకు జ్వరం. మా నాయిన పోయినేడు పోయిండు. ఎగిరేది ఆయననే ఉండె. ఈయేడు నేను ఎగరకుంటే ఎట్ల?" కొరడా కూడా తండ్రిదేనట. సీటుకు పెట్టిన రెక్సిన్ ముక్క మిగిలితే దాంతోనే పిడికి కొత్త పట్టీ వేసుకున్నాడట. అరపేజీ రాశాను గానీ ఇందులో ఒక్క ముక్క నా దగ్గర లేదు. అతను నా వ్యాసం కత్తిరించి పారేయడంలో అన్యాయమేమీ కనబడలేదు.

నీ పేజీలకు వస్తాను. 'నీలి, గులాబీ గునుగు పూలు' అన్నావు. నీలి గునుగు ఏ చేల గట్టునా పూయదమ్మా. గునుగు తెల్లగా ఉంటుంది, కొసన కాస్త గులాబీ జీర. దాన్ని కట్టలు కట్టి, కాడలు సమంగా కోసి, రంగునీళ్లలో ముంచి ఆరబెడతారు. ఎవరో ముంచారన్నమాట. ఒక ఏడు బతుకమ్మ మొదలయ్యే పెత్రమాస ముందురోజు గుడిమల్కాపూర్ పూల మార్కెట్ బయట ఒకామె రోడ్డు పక్కన ఆ పనే చేస్తుంటే చూశాను. రెండు పాత రంగు డబ్బాలు, ఒకదాంట్లో నీలం, ఒకదాంట్లో రాణీ రంగు. కట్ట ముంచి, తలకిందులుగా పట్టుకుని రెండుసార్లు విదిలించి, గోనెసంచి మీద వరసగా పరుస్తోంది. కుడిచెయ్యి మణికట్టు దాకా నీలం, ఎడమచెయ్యి రాణీ. పొద్దుటి నుంచీ ఏం తిన్నావమ్మా అంటే, రెండు చేతులూ ఎత్తి చూపించి నవ్వింది. పక్క బండి అతను బన్ను చాయిలో ముంచి నోట్లో పెట్టాడట. నీ గులాబీ గునుగు వెనక ఇలాంటి చెయ్యి ఒకటి ఉంది. పూలు ఆఫీసుకు యాప్‌లో ఆర్డరిస్తే వచ్చాయన్నావు. ఏ సంచిలో వచ్చాయి, తంగేడు వాడిపోయి వచ్చిందా, ఎవరు విప్పారు? అదైనా రాయొచ్చు.

ఫోటో అబద్ధం చెప్పదంటారు. చెప్పకపోవచ్చు గానీ చాలా దాస్తుంది. రాజా దీన్‌దయాళ్ పేరు వినే ఉంటావు. ఆరో నిజాం మహబూబ్ అలీఖాన్ ఆస్థాన ఫోటోగ్రాఫర్. ఆయన 1892లో ఇక్కడ ఒక జనానా స్టూడియో పెట్టాడు. పరదా పాటించే ఆడవాళ్లు మగ ఫోటోగ్రాఫర్ ముందు కూర్చోరు. అందుకని చుట్టూ ఎత్తయిన గోడలు కట్టించి, లోపల కెమెరా ఒక ఇంగ్లిష్ మహిళకు అప్పగించాడు. అక్కడ తీసిన ఫోటో ఒకటి నీ చేతికొచ్చిందనుకో. కుర్చీలో కూర్చున్న ఒకావిడ, నగలు, వెనక తెర, అంతే. ఆ గోడల ఎత్తు, కెమెరా వెనక గౌనులో ఉన్న మనిషి, ఆవిడ అక్కడిదాకా ఎలా వచ్చిందీ ఫోటోలో పడవు. అవి అక్షరం పని.

సంక్రాంతి భాగంలో 'ఆకాశమంతా గాలిపటాలు' అన్నావు. మంగళ్‌హాట్ డాబా మీద తీశానని నువ్వే రాశావు. ఆ డాబా మీద గాలిపటం అన్న మాట ఎవరి నోటైనా విన్నావా? పతంగి అంటారు. మాంజా, చరఖా, ఢీల్, ఖేంచ్ అంటారు. తెగ్గొట్టినవాడు "అఫా!" అని అరుస్తాడు. గాలిపటం తప్పు మాటని కాదు, చక్కటి తెలుగు మాట. కానీ ఆ డాబాకు అది పక్కింటి మాట. నీ ఫోటోలో పసుపు చొక్కా పిల్లాడి చూపుడువేలికి తెల్ల టేపు చుట్టి ఉంది, గమనించావా? మాంజా కొయ్యకుండా అది. 2017లో హరిత ట్రైబ్యునల్ నైలాన్ మాంజాను దేశమంతా నిషేధించింది. అయినా చీనీ మాంజా అనే ఆ నైలాన్ దారం ఎక్కడ దొరుకుతుందో ఆ పిల్లాడికి తెలుసు. అడిగితే చెప్పడు. ఎందుకు చెప్పడో, ఎలా చెప్పకుండా తప్పించుకుంటాడో, అది రాయి.

నుమాయిష్ ఎగ్జిబిషన్ పేరా మాత్రం కొట్టేయి. 1938లో పబ్లిక్ గార్డెన్స్‌లో మొదలైందని, ఇప్పుడు నాంపల్లిలో జరుగుతుందని ఎవరైనా రాస్తారు. జనవరి 1 నుంచి ఫిబ్రవరి 15 దాకా నలభై ఆరు రోజులు శాలువాలు అమ్మే కుర్రాడు రాత్రిళ్లు ఎక్కడ పడుకుంటాడో కనుక్కుంటే అప్పుడు మళ్లీ రాద్దువు గాని. హలీం కూడా అంతే. నిమ్మచెక్క, వేయించిన ఉల్లిపాయలతో గిన్నె ఫోటో ఊళ్లో ప్రతి ఫోన్లోనూ ఉంది. భట్టీ దగ్గర గంటల తరబడి ఘోటా కొట్టేవాళ్ల, అంటే హలీంను కర్రతో మెదిపేవాళ్ల, భుజాలు ఎవరి ఫోన్లోనూ లేవు.

ఇక నీ ఉద్యోగం. అసలు ఎక్కువ చెప్పాల్సింది అక్కడ, నువ్వేమో ఒక్క పేరాతో సరిపెట్టావు. అందులో 'ఒత్తిడి' ఐదుసార్లు. కీబోర్డు పక్కన కాఫీ కప్పు ఫోటో ఒకటి. ఒత్తిడి అంటే నాకేం తెలుస్తుంది? రాత్రి రెండింటికి ఆఫీసు సిస్టమ్ ఏదో పడిపోయిందని ఫోన్ వస్తే, అమ్మ లేవకుండా నువ్వు ల్యాప్‌టాప్ పట్టుకుని బాత్రూమ్ పక్కన కూర్చుంటానని మొన్న నాతో నోటితో చెప్పావే, అది ఆరు పేజీల్లో ఎందుకు లేదు? పండగలైతే రాయదగ్గవి, పని రాయదగ్గది కాదు అని ఎవరు చెప్పారో గానీ మీ తరానికంతా చెప్పినట్టున్నారు. కంపెనీ పేరు, క్లయింటు పేరు రాయకు, ఉద్యోగం ఊడుతుంది. బాత్రూమ్ పక్కన చల్లటి గచ్చు గురించి రాస్తే ఎవరూ ఏమీ అనరు.

ఒకటి మర్చిపోయాను. అడగకుండా ఫోటోలు తీయకు. బతుకమ్మ ఆడేచోట ఆడవాళ్లు ఎదురుతిరిగి ఫోన్ లాక్కున్న సంగతులు నాకు తెలుసు, వాళ్లదే న్యాయం. అడిగితే ఫోటో కాస్త బిగుసుకుపోతుంది, నిజమే. మాట మాత్రం మొదలవుతుంది.

పదిహేడో ఫోటో. లాబీలో బతుకమ్మ చుట్టూ మీవాళ్లు పదిమంది, పట్టుచీరలు. పాట స్పీకర్లో వస్తున్నట్టుంది, అందరి చూపులూ అటే. ఎడమవైపు స్తంభం దగ్గర మాప్ కర్రకు ఆనుకుని యూనిఫాంలో ఒకామె నిలబడి ఉంది. ఫోటో పెద్దది చేసి చూశాను. ఆమె పెదవులు సున్నా చుట్టినట్టున్నాయి, 'ఉయ్యాలో' దగ్గర. మొత్తం ఫోటోలో పాట వస్తున్న నోరు అదొక్కటే. దీన్నే నువ్వు నలభయ్యో ఫోటోగా మళ్లీ పంపావు, ఈసారి ఆమెను మోచేతి దాకా కత్తిరించి.

కత్తిరించనిది ప్రింటు తీయించి ఆమెకు ఇచ్చిరా. ఏ ఊరో, ఆ పాట ఎవరి దగ్గర నేర్చుకుందో అడుగు. డ్యూటీ దిగాక ఆ రాత్రి తన బతుకమ్మ తను పేర్చుకుందా, వాడకట్టులో ఆటకు అందిందా అడుగు. టబ్బు సంగతి కూడా ఆమెకే తెలిసి ఉంటుంది. దసరా అయి పదిహేను రోజులే అయింది, ఇంకా మర్చిపోయి ఉండదు. ఆమె షిఫ్టు ఎన్నింటికి అయిపోతుందో ముందు కనుక్కో, ఆ రోజు క్యాబ్ వద్దని చెప్పు.

నీ
ప్రూఫుల సార్
సికింద్రాబాద్