స్టార్‌డ్యూ వ్యాలీ అనే వ్యవసాయ వీడియో గేమ్‌లో పెళ్లి కుదరడం లేదని కావలి ఊరి నుంచి రాసిన తమ్ముడికి

తమ్ముడూ, ఇష్టపడ్డవారితో స్నేహాన్ని చూపే పది హార్ట్స్ నిండినా, పెళ్లికి అడిగేటప్పుడు ఇచ్చే లాకెట్ అమ్మే ముసలాయన కనిపించడం లేదన్నావు కదా. ముందు ఇల్లు ఒకసారి పెంచుకో: 10,000 గోల్డ్ (ఆటలో డబ్బు), 450 చెక్క. బీచ్‌లో విరిగిన వంతెనను 300 చెక్కతో బాగుచెయ్యి. ఆయన వాన రోజే వస్తాడు, వంతెన అవతల ఉంటాడు. లాకెట్ కొనడానికి 5,000 గోల్డ్ దగ్గరుంచుకో. చలికాలమైతే వాన పడదు, వసంతం దాకా ఆగాల్సిందే.

మీ అన్నయ్య "ఆటలో పెళ్లెందుకు" అన్నాడన్నావే, నేనైతే ఉండాలంటాను. ఒంగోలులో నైట్ డ్యూటీ దిగొచ్చి ఆడతాను. ఒకరోజు ఆటలో తెల్లారేసరికి భార్య మొక్కలకు నీళ్లు పోసేసింది, మట్టంతా నల్లగా తడిసి ఉంది. ఎంత హాయిగా అనిపించిందో! బహుమతులిస్తే చాలు ప్రేమ పుట్టేయడం మాత్రం నాకు నచ్చదు. ఇష్టం లేకపోతే పెళ్లి లేకుండానే ఆడుకోవచ్చని అన్నయ్యకు చెప్పు.