నాటకాల హాలు వరండాలో ఊరి చిత్రకారుల బొమ్మలు: మాకు తెలిసొచ్చినవి

మీ నాటక సమాజం హాలు ముందు వరండాలో ఊరి చిత్రకారుల బొమ్మలు పెట్టాలనుకుంటున్నామని రాశారు. ఎవర్ని పిలవాలి, ఎలా వేలాడదీయాలి, అమ్ముడుపోతే సమాజం ఎంత తీసుకోవాలి అని అడిగారు. మా ఊళ్లో ఆరేళ్లుగా ఈ పని చేస్తున్నాం. నేను బొమ్మలు గీసేవాణ్ని కాదు, నాటకాలకు లైట్లు వేసేవాణ్ని. నా జవాబు కొంచెం అటే మొగ్గుతుంది, ఏమీ అనుకోకండి.

హైదరాబాదు రవీంద్రభారతి ఆవరణలో ఉన్న గ్యాలరీకో, రాజమండ్రిలో దామెర్ల రామారావు చిత్రశాలకో వెళ్లే మనిషి బొమ్మలు చూద్దామనే ఇంట్లోంచి బయల్దేరతాడు. మీ హాలుకొచ్చేవాడు నాటకం కోసం వస్తాడు. బొమ్మ అతనికి దారిలో తగలాలి. ఇది తెలియక మొదటి ఏడాది మేం గుమ్మం పక్కన వెడల్పాటి గోడ చూసుకుని పదకొండు బొమ్మలు వరసగా పెట్టాం. గోడ బాగుంది, వెలుతురు బాగుంది, చూసినవాడే లేడు. సీటు దొరుకుతుందో లేదోనని లోపలికి పరిగెత్తేవాడు గోడకేసి ఏం చూస్తాడు?

పరిషత్తు నాటిక పోటీలు జరిగే రోజుల్లో జనం బయట నిలబడేది ఎప్పుడో మీకూ తెలుసు. ఒక నాటిక అయ్యాక రెండోదానికి సెట్టు వేసే పావుగంట, ఇరవై నిమిషాలు. అప్పుడు అందరూ టీ బల్ల దగ్గరే ఉంటారు. రెండో ఏడు బొమ్మలన్నీ అక్కడికి మార్చాం. చేతిలో వేడి టీ గ్లాసు ఉన్న మనిషి ఎక్కడికీ పోలేడు, అది చల్లారేదాకా ఎదురుగా ఉన్నదాన్ని చూడాల్సిందే. మరుగుదొడ్ల దారిలో కూడా రెండు పెడదామంటే మా అధ్యక్షులవారికి నచ్చలేదు. నాకైతే ఇప్పటికీ అది మంచి చోటనే అనిపిస్తుంది.

ఇక ఎవర్ని పిలవాలన్నది. మేం కాలేజీల్లో కాగితాలు అంటించి, ఫైన్ ఆర్ట్స్ చదివినవాళ్ల కోసం వెతికాం. నలుగురొచ్చారు. మా కళ్లెదుటే ఉన్న మనిషి మాత్రం మాకు గుర్తు రాలేదు. బస్టాండు వెనక సైన్‌బోర్డులు రాసే పెద్దాయన ఒకరున్నారు. ఫ్లెక్సీలొచ్చాక ఆయన పని పోయింది, ఇప్పుడు బళ్ల నంబరు ప్లేట్లు చేస్తారు. ఒకప్పుడు ఈ చుట్టుపక్కల పౌరాణిక నాటకాల్లో స్టేజి వెనక దించే బొమ్మల తెరలన్నీ ఆయనే గీసేవారట. 1885లో కడప జిల్లా సురభి గ్రామంలో పుట్టిన సురభి నాటకాలు చూసినవాళ్లకు చెప్పక్కర్లేదు, దర్బారు తెర, అడవి తెర, వీధి తెర వెనక ఎంత చేతిపని ఉంటుందో. వెళ్లి అడిగితే, "నా దగ్గర బొమ్మలెక్కడివి బాబూ, అన్నీ బోర్డులేగా" అన్నారు. బయల్దేరబోతుంటే ఆయన భార్య లోపల్నుంచి, "అటక మీద ఆ చాపచుట్ట చూపించు" అంది.

చుట్ట దించాం. చాపలో వెదురుబొంగు, బొంగుకు చుట్టిన గుడ్డ. విప్పుతుంటే మడత పడ్డ చోటల్లా రంగు పెళ్లలుగా రాలింది. సగం విప్పేసరికి రెండు పక్కలా మేడలు, మధ్యలో దూరానికి సన్నబడిపోతున్న వీధి, ఒక మేడ మీద పిట్టగోడకు ఆరేసిన చీర. రాజుల వీధిలో ఆరేసిన చీరేమిటని అడిగాను. "అక్కడ గుడ్డ చిరిగి ఉండేది, అతుకు కనపడకుండా చీర గీశా" అన్నారు.

ఆ తెర పూర్తిగా విప్పలేదు. రాలిపోతుందని భయం. సగం మాత్రం విప్పి, కింద చుట్టను బల్ల మీద ఆనించి టీ బల్లకెదురుగా కట్టాం. ఆ రాత్రి ఒక ముసలావిడ టీ తాగడం మానేసి దాని ముందు నిలబడింది. కాసేపటికి పక్కనున్న మనవడితో, "హరిశ్చంద్రలో కాటిసీనుకు ముందు ఇదే దించేవాళ్లురా" అంది. ఆ తెర ఈ తెరేనో కాదో నాకు తెలీదు, ఆయన్ని అడిగితే నవ్వి ఊరుకున్నారు. ఇప్పుడు మా దగ్గర ఒక గోడ ఎప్పుడూ ఇలాంటివాళ్లదే: బోర్డులు రాసినవాళ్లు, రిటైరైన డ్రాయింగు మాస్టార్లు, పండగకు రథం ముగ్గుతో వీధి నింపే ఆడవాళ్లు. చదువుకున్న చిత్రకారులు రెండో గోడకు వాళ్లంతట వాళ్లే వస్తున్నారు.

వేలాడదీసే సంగతికొస్తే, హాలు మునిసిపాలిటీదైతే గోడకు మేకు కొట్టనివ్వరు. మాదీ అంతే. పాత సెట్టు ఫ్లాట్లు, అంటే సెట్టులో గోడల్లా నిలబెట్టే చెక్క చట్రాలు, మూలన పడి ఉంటాయి కదా, వాటికి తెల్ల గుడ్డ బిగించి, వెనక ఆసరా కర్రలు వేసి, ఆ కర్రల కాళ్ల మీద ఇసుక మూటలు పెట్టాం. గుమ్మాలకు మాత్రం అడ్డం రాకూడదు, హాలు ఖాళీ అయ్యేటప్పుడు జనం తోసుకొస్తారు. బొమ్మ మధ్యభాగం నేలనుంచి దాదాపు 145 సెంటీమీటర్లుంటే నిలబడ్డ మనిషి కంటికి సరిపోతుంది. గోడకు పెట్టే వీలుంటే ఫ్రేము వెనక కింది రెండు మూలల్లో పాత హవాయి చెప్పు ముక్కలు కోసి అతికించండి. మధ్యలో గాలి ఆడుతుంది. లేకపోతే వానాకాలంలో గోడ చెమ్మ కాగితానికెక్కి బూజు పడుతుంది.

లైటు గురించి రాయమంటే పేజీలు రాస్తాను, రెండే చెప్తాను. అద్దం ఉన్న బొమ్మకెదురుగా ట్యూబులైటు ఉంటే చూసేవాడికి కనపడేది ట్యూబులైటే. పైనుంచి, కాస్త ముందుకు జరిపి, ముప్ఫై డిగ్రీల వాలుగా చిన్న ఎల్‌ఈడీ స్పాటు వేయండి. పసుపు కలిసిన వెచ్చటి వెలుగు చాలు, స్టేజి మీద వేసే పార్ లైట్లు తెచ్చి పెట్టకండి, కళ్లు చెదురుతాయి. రెండోది ఎండ. ఇంటర్ చదివే అమ్మాయి గీసిన తామరపూల బొమ్మను పడమటి గుమ్మం పక్కన పెట్టింది నేనే. వేసవంతా అక్కడే ఉంది. జూన్‌లో ఫ్రేము విప్పి చూస్తే బొమ్మ చుట్టూ పెట్టే అట్ట (మౌంటు) కింద దాక్కున్న అంచు ఇంకా గులాబీ రంగులో ఉంది, బయటున్న పూలు కడిగిన అన్నం రంగుకొచ్చాయి. ఆ అమ్మాయి ఏమీ అనలేదు. అదే ఎక్కువ బాధనిపించింది.

ఆ అమ్మాయి విషయంలోనే ఇంకో పొరపాటు చేశాం. పేరు చీటీ మీద ఫోను నంబరు రాశాం. బొమ్మ కొనేవాళ్లు కాదు, పనిలేనివాళ్లు ఫోన్లు చేశారు. అప్పట్నుంచి చీటీ మీద పేరు, ఊరు, ఏ రంగులతో వేశారో, ధర. అంతే. కావాల్సినవాళ్లు మా కార్యదర్శిని అడుగుతారు. అక్షరాలు మాత్రం పెద్దవి పెట్టండి, నాటకాలకొచ్చే సగంమంది కళ్లద్దాలు ఇంట్లో మరచిపోయే వయసువాళ్లు.

మూడో ఏడు ఒకరి బొమ్మను అడక్కుండానే ఆహ్వానపత్రిక మీద అచ్చేశాం. ఆయన వచ్చి పత్రిక బల్ల మీద పెట్టి, "బాగా పడింది, ఎవర్నడిగి వేశారు?" అన్నారు. 1957 కాపీరైటు చట్టం ప్రకారం బొమ్మ కొనుక్కున్నంత మాత్రాన అచ్చేసే హక్కు మనది కాదు. హక్కు రాసివ్వాలంటే సంతకం చేసిన కాగితం ఉండాలి. డబ్బిచ్చి మనమే గీయించుకుంటే సంగతి వేరు. ఇప్పుడు బొమ్మ తీసుకునేటప్పుడే ఒక పేజీ రాసుకుంటున్నాం: ఏ తేదీ నుంచి ఏ తేదీ దాకా, ధరెంత, పాడైతే ఎవరు ఎంత ఇవ్వాలి, ఫొటో తీయొచ్చా, అచ్చేయొచ్చా. బొమ్మకు ముందూ వెనకా ఫొటోలు తీసి ఆ కాగితానికి జత చేస్తున్నాం.

అమ్ముడైన ధరలో ఇరవై శాతం సమాజానికని మొదట పెట్టాం. ఏడాదంతటికీ అమ్ముడైనవి మూడు, అందులో ఒకటి మా కోశాధికారి కొన్నదే. ఆ మూడింటి మీద వచ్చిన దానికంటే ఆ లెక్క అడిగినప్పుడు పడ్డ మొహమాటమే ఎక్కువ. ఇప్పుడు ఏమీ తీసుకోవడం లేదు. కొన్నవాళ్లు నేరుగా చిత్రకారుడి చేతికే ఇస్తారు, తోచినవాళ్లు హుండీలో వేస్తారు. మీ హాలు అద్దె మీదో, కరెంటు బిల్లు మీదో నడిచేదైతే పది శాతం అడగండి, తప్పేం కాదు.

ప్రారంభ సభ పెట్టకండి. శాలువాలు, ప్రసంగాలు అయ్యేసరికి బొమ్మలు చూసే టైము పోతుంది. దానికి బదులు నాటికకీ నాటికకీ మధ్య మైకులో ఒక్క వాక్యం, "బయట ఫలానావారి బొమ్మలున్నాయి, వారు కూడా అక్కడే ఉన్నారు" అని చెప్పించండి.

మీ వరండా పొడవు, పైకప్పు ఎత్తు, గుమ్మం ఏ దిక్కుకుందో రాయండి. ఎన్ని ఫ్లాట్లు పడతాయో, లైట్లు ఎక్కడ బిగించాలో గీసి పంపుతాను.