పాశ్చాత్య దేశాల్లో స్వలింగ ప్రేమకు మొదటి నుంచీ స్వేచ్ఛ ఉందా?

"అది వాళ్ల సంస్కృతిలోనే ఉంది, అక్కడ ఎవరు ఎవరిని ప్రేమించినా ఎవరూ పట్టించుకోరు" అని మీరు ప్రశ్నలో రాశారు. చాలా ఏళ్లుగా బెర్లిన్‌లో ఉంటున్న నేను ఈ మాటను ఒప్పుకోలేను. నాకు దగ్గరగా తెలిసిన జర్మనీ గురించే చెబుతాను.

1871 నాటి జర్మన్ శిక్షాస్మృతిలో 175వ సెక్షన్ మగవాళ్ల మధ్య లైంగిక సంబంధాన్ని నేరంగా ప్రకటించింది. స్త్రీల ప్రస్తావన అందులో లేదు. దాన్ని ఎత్తివేయించడానికి మాగ్నుస్ హిర్ష్‌ఫెల్డ్ అనే వైద్యుడు 1897లో ఒక సంఘం పెట్టి, ప్రముఖుల సంతకాలతో పార్లమెంటుకు అర్జీ పంపాడు. 1919లో ఈ నగరంలోనే లైంగిక విజ్ఞాన సంస్థను స్థాపించాడు. సెక్షన్ అమల్లో ఉండగానే 1920లలో ఇక్కడ స్వలింగ ప్రియులకు సొంత పత్రికలు, క్లబ్బులు ఉండేవి. 1933 మే నెలలో నాజీ విద్యార్థులు ఆ సంస్థపై పడి దోచుకున్నారు, కొద్ది రోజులకే దాని పుస్తకాలను బహిరంగంగా తగలబెట్టారు. 1935లో సెక్షన్‌ను ఎంత బిగించారంటే, ఒంటి మీద చెయ్యి పడకపోయినా శిక్ష వేసే వీలు కలిగింది. వేలమందిని నిర్బంధ శిబిరాల్లో పెట్టి, వాళ్ల బట్టలకు గులాబీ రంగు త్రికోణం తగిలించారు.

ఇంతవరకు చాలామందికి తెలుసు. నన్ను ఎక్కువ బాధపెట్టేది ఆ తర్వాతి కథ. హిట్లర్ పోయినా ఆ చట్టం పోలేదు. నాజీలు మార్చిన సెక్షన్‌నే పశ్చిమ జర్మనీ 1969 దాకా అక్షరం మార్చకుండా ఉంచుకుంది. 1957లో రాజ్యాంగ న్యాయస్థానం నైతిక ధర్మం పేరు చెప్పి, చర్చిల బోధనలను కూడా ఉదహరించి దాన్ని సమర్థించింది. ప్రజాస్వామ్యం నడుస్తున్న ఆ ఇరవై ఏళ్లలో సుమారు 50,000 మందికి శిక్షలు పడ్డాయి. సెక్షన్ పూర్తిగా రద్దయింది 1994లో!

మా భవనంలో కింది అంతస్తులో ఉండే పెద్దాయన ఆ శిక్ష పడినవాళ్లలో ఒకరు. 1960లలో, ఇరవై ఏళ్లు దాటిన కొత్తలో జైలుకు వెళ్లారు, ఉద్యోగం పోయింది. దొంగతనం చేసి జైలుకు వెళ్లానని అక్క పిల్లలకు చెప్పుకున్నారట. దొంగ అనిపించుకోవడమే తేలికగా ఉండేదని ఆయన నాతో అన్నప్పుడు ఏం బదులివ్వాలో తెలియలేదు. 2017లో ప్రభుత్వం ఆ తీర్పులను రద్దు చేసి, ఒక్కో తీర్పుకు 3,000 యూరోలు, జైల్లో గడిపిన ఒక్కో ఏడాదికి 1,500 యూరోలు పరిహారం ప్రకటించింది. శిక్ష రద్దయిందన్న ధ్రువపత్రం కోసం ప్రాసిక్యూటర్ కార్యాలయానికే దరఖాస్తు పెట్టాలి. ఆయన పెట్టలేదు. ఒకప్పుడు తనపై కేసు నడిపిన వ్యవస్థ గుమ్మం మళ్లీ తొక్కడం ఇష్టం లేదన్నారు. నేనైనా అదే చేసేవాణ్ణి. స్వలింగ వివాహాలు చట్టబద్ధమైనదీ అదే ఏడాది అక్టోబరులోనే.

అందుకే దీన్ని సంస్కృతి ఇచ్చిన కానుక అనుకోకండి. అర్జీలు పెట్టి, ఓడి, ఒకసారి దొరికిన కాస్త స్వేచ్ఛనూ పోగొట్టుకుని, మళ్లీ పోరాడి సాధించుకున్న హక్కు ఇది. మన దేశంలో 2018 దాకా పెద్దల మధ్య పరస్పర సమ్మతితో జరిగే స్వలింగ సంపర్కాన్ని నేరంగా ఉంచిన 377వ సెక్షన్ కూడా 1860లో బ్రిటిష్ పాలకులు రాసిందే. పాశ్చాత్య దేశాల నుంచి మనకు ముందుగా వచ్చింది నిషేధమే.